వెలుగు చెప్పేదెంత: ఎల్‌ఎల్-37 పెప్టైడ్‌ను ఫ్లోరోసెంట్ యాంటీబాడీలతో గుర్తించడంపై ఒక సమీక్ష

సూక్ష్మజీవులను ఎదుర్కోవడానికి మానవ శరీరం తనంతట తాను తయారుచేసుకునే చిన్న అణువుల్లో ఎల్‌ఎల్-37 అనే పెప్టైడ్‌ది ప్రత్యేకమైన స్థానం. పెప్టైడ్ అంటే ఎమైనో ఆమ్లాలు ఒకదానికొకటి ముడిపడి ఏర్పడిన గొలుసు. ప్రోటీనూ అలాంటి గొలుసే గాని మరింత పొడవైనది. ఎల్‌ఎల్-37లో 37 ఎమైనో ఆమ్లాలు ఉంటాయి, వాటిలో మొదటి రెండూ లూసిన్లు కావడంతో దానికి ఆ పేరు వచ్చింది. కాథెలిసిడిన్లు అనే కుటుంబానికి చెందిన ఈ పెప్టైడ్ గాని, దాన్నిచ్చే పూర్వరూపం గాని న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాల్లోనూ, చర్మంలోనూ, శ్వాసనాళాల లోపలి పొరలోనూ, కంటి ఉపరితలం మీదా, వీర్యంలోనూ కనిపిస్తుంది. ఆవు, పంది వంటి జంతువులకు కాథెలిసిడిన్లు పలు రకాలుండగా మనిషికి ఉన్నది ఈ ఒక్కటే. ఇది ఫలానా కణంలో ఉందా, ఉంటే ఏ మూల ఉంది, జబ్బు చేసినప్పుడు పెరిగిందా తగ్గిందా అన్న ప్రశ్నలకు ప్రయోగశాలల్లో సమాధానం వెతకడానికి విరివిగా వాడే సాధనం ఫ్లోరోసెంట్ యాంటీబాడీ, అంటే తన మీద ఒక రంగు కాంతి పడినప్పుడు మరో రంగు కాంతిని వెలువరించే వర్ణకాన్ని తగిలించిన ప్రతిరక్షకం. సూక్ష్మదర్శిని కింద ఆకుపచ్చగానో ఎర్రగానో వెలిగే చుక్కల ఆధారంగా క్షయ, సోరియాసిస్, కంటి పుండ్ల వంటి వ్యాధుల గురించి ఎన్నో నిర్ధారణలు వెలువడ్డాయి. ఆ వెలుగు దేనికి సాక్ష్యమో, దేనికి కాదో తేల్చుకోకుండా ఆ నిర్ధారణల బరువు తూచడం కుదరదు.

ఈ ప్రశ్న ప్రయోగశాలలో పనిచేసేవారికే సంబంధించినదని అనుకోనక్కరలేదు. ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 2021 జనగణన నాటికి 59 వేలు దాటింది. తెలుగు కుటుంబాలు స్థిరపడిన సిడ్నీ పశ్చిమ శివార్లలో టూంగాబీ ఒకటి. అక్కడ రైలెక్కితే పెండిల్ హిల్, వెంట్‌వర్త్‌విల్ దాటగానే వచ్చే మూడో స్టేషన్ వెస్ట్‌మెడ్, అంటే 1978లో తెరిచిన పెద్ద ఆసుపత్రి, దాని చుట్టూ పెరిగిన వైద్య పరిశోధనా సంస్థలు ఉన్న చోటు. భారతదేశం నుంచి వచ్చిన కుటుంబాలకు అక్కడి వైద్యుల నోట తరచుగా వినిపించే రెండు మాటలు విటమిన్ డి లోపం, నిద్రాణంగా ఉన్న క్షయ. ఈ రెంటినీ కలిపే వాదంలో నడిమి లంకె ఎల్‌ఎల్-37. ఆ లంకె ఎంత గట్టిదన్నది చాలావరకు ఫ్లోరోసెంట్ యాంటీబాడీలు చూపిన చిత్రాల విశ్వసనీయత మీదే ఆధారపడి ఉంది.

జీవులు సొంతంగా యాంటీబయాటిక్ వంటి పెప్టైడ్లు తయారుచేసుకుంటాయన్న సంగతి స్పష్టంగా బయటపడింది 1981లో. స్వీడన్‌లో హాన్స్ బోమన్ బృందం సెక్రోపియా అనే పట్టుపురుగు జాతి ప్యూపాల నుంచి సెక్రోపిన్లు అనే పెప్టైడ్లను వేరుచేసింది. 1985లో అమెరికాలో మైకేల్ సెల్‌స్టెడ్, టోమస్ గాంజ్, రాబర్ట్ లేరర్‌లు మానవ న్యూట్రోఫిల్స్ నుంచి డిఫెన్సిన్లను వివరించారు. 1987లో మైకేల్ జాస్లాఫ్ ఆఫ్రికా కప్ప చర్మంలో మాగైనిన్లను కనుగొన్నాడు. మానవ కాథెలిసిడిన్ జన్యువును 1995లో స్వీడన్, డెన్మార్క్, అమెరికాల్లోని మూడు బృందాలు దాదాపు ఒకేసారి వెలికితీశాయి. డిఫెన్సిన్లలో గంధకపు బంధాలు అణువును బిగించి ఒక ఆకారంలో నిలిపి ఉంచుతాయి. ఎల్‌ఎల్-37కు అలాంటి కట్టు ఏదీ లేదు. అది శుద్ధజలంలో వదులుగా పడి ఉంటుంది, లవణాలో కొవ్వుపొరలో తగిలితే మెలికలు తిరిగిన కుండలిగా మారుతుంది. యాంటీబాడీ గుర్తించేది అణువు ఆకారాన్ని కూడా కాబట్టి ఈ తేడా ముందు చర్చకు అవసరమవుతుంది.

యాంటీబాడీకి రంగు తగిలించే పద్ధతి ఈ పెప్టైడ్ల కంటే చాలా పాతది. 1941లో హార్వర్డ్‌లో ఆల్బర్ట్ కూన్స్, సహచరులు న్యుమోకాకస్ బాక్టీరియాను గుర్తించే యాంటీబాడీకి ఆంథ్రసీన్ అనే నీలంగా వెలిగే వర్ణకాన్ని రసాయనికంగా కలిపారు. కణజాలం సహజంగానే నీలంగా మెరుస్తుంది గనుక ఏది యాంటీబాడీ వెలుగో, ఏది కణజాలపు సొంత మెరుపో వేరుచేయడం కష్టమైంది. మరుసటి ఏడాదే వారు ఆకుపచ్చగా వెలిగే ఫ్లోరెసీన్‌కు మారారు. 1958లో ఎఫ్‌ఐటీసీ అనే స్థిరమైన రూపం వచ్చాక పద్ధతి అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఎఫ్‌ఐటీసీ దాదాపు 495 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న నీలికాంతిని పీల్చుకుని 520 నానోమీటర్లకు దగ్గర్లో ఆకుపచ్చ కాంతిని విడుస్తుంది. 1975లో కోలర్, మిల్‌స్టీన్‌లు మోనోక్లోనల్ యాంటీబాడీలను, అంటే ఒకే కణవంశం నుంచి పుట్టి ఒకే లక్ష్యాన్ని పట్టుకునే యాంటీబాడీలను తయారుచేసే దారి చూపాక లక్ష్యం కూడా కచ్చితమైంది. అంతకుముందు జంతువు రక్తం నుంచి తీసినవి పాలీక్లోనల్ యాంటీబాడీలు, అంటే ఒకే అణువులోని వేర్వేరు భాగాలను పట్టుకునే యాంటీబాడీల మిశ్రమాలు. ఇప్పుడు మార్కెట్లో ఎల్‌ఎల్-37 కోసం రెండు రకాలూ, రంగు తగిలించి గానీ తగిలించకుండా గానీ దొరుకుతాయి. సీసా మీద ‘పరిశోధనకు మాత్రమే’ అని ఉంటుంది; రోగనిర్ధారణకు వాటిని వాడరు.

ఇక అసలు చిక్కుకు వస్తే, కణం ఎల్‌ఎల్-37ను ఎల్‌ఎల్-37గా తయారుచేయదు. మొదట తయారయ్యేది హెచ్‌క్యాప్-18 అనే పెద్ద పూర్వరూపం. అందులో ముందు కాథెలిన్ అనే పెద్ద భాగం, దాని తోకగా మాత్రమే ఈ 37 ఎమైనో ఆమ్లాలు ఉంటాయి. తోక తెగిన తర్వాతే దానికి సూక్ష్మజీవులను చంపే పూర్తి శక్తి వస్తుంది. న్యూట్రోఫిల్‌లో ఈ కోత జరిగే తీరును 2001లో డెన్మార్క్ పరిశోధకులు తేల్చారు: హెచ్‌క్యాప్-18 ఒక రకం రేణువుల్లో, దాన్ని కోసే ప్రోటీనేజ్-3 అనే ఎంజైమ్ మరో రకం రేణువుల్లో విడివిడిగా నిల్వ ఉంటాయి; రెండూ కణం వెలుపలికి విడుదలై కలిసినప్పుడే కోత పడుతుంది. దీని పర్యవసానం చిన్నది కాదు. విశ్రాంతిగా ఉన్న న్యూట్రోఫిల్‌ను సాపోనిన్ వంటి పదార్థంతో రంధ్రాలు చేసి, ఎల్‌ఎల్-37కు వ్యతిరేకమైన రంగు యాంటీబాడీని లోపలికి పంపి, కణాలను ఒక్కొక్కటిగా కాంతి ముందు నడిపి వెలుగు కొలిచే ఫ్లో సైటోమీటర్‌లో చూస్తే కణం దేదీప్యంగా వెలుగుతుంది, కాని ఆ కణంలో ఆ క్షణాన స్వేచ్ఛగా ఉన్న ఎల్‌ఎల్-37 దాదాపు ఏమీ ఉండదు. యాంటీబాడీ పూర్వరూపపు తోకను పట్టుకుంది, అంతే. రక్తరసంలో మిల్లీలీటరుకు సుమారు 1.2 మైక్రోగ్రాముల మేర కొలిచినదీ ప్రధానంగా హెచ్‌క్యాప్-18నే. అయినా పరిశోధన పత్రాల శీర్షికల్లో, పట్టికల్లో ‘ఎల్‌ఎల్-37 స్థాయి’ అన్న మాట నిర్విచారంగా దొర్లుతూనే ఉంటుంది. ఇది కేవలం మాటల అలసత్వమని సరిపెట్టుకోవడం కష్టం, ఎందుకంటే పాఠకుడు అక్కడ చదివేది ఆయుధం సిద్ధంగా ఉందని. కొలతలో తేలింది మాత్రం ఆయుధానికి కావలసిన ముడిసరుకు ఉందని.

చర్మంలో పరిస్థితి ఇంకా జటిలం. అక్కడ కోత పెట్టేవి కల్లిక్రీన్ 5, కల్లిక్రీన్ 7 అనే ఎంజైమ్‌లు; అవి ఎల్‌ఎల్-37 దగ్గర ఆగకుండా దాన్ని మళ్ళీ కోసి ఆర్‌కే-31, కేఎస్-30, కేఆర్-20 వంటి పొట్టి ముక్కలు చేస్తాయి. ఈ ముక్కలన్నీ పెప్టైడ్ చివరి కొసను అలాగే ఉంచుకుని మొదటి భాగాన్ని పోగొట్టుకున్నవి. కొన్ని సూక్ష్మజీవుల మీద వీటి ప్రభావం మాతృపెప్టైడ్ కంటే ఎక్కువ, కానీ చర్మకణాల్లో వాపును రేకెత్తించే గుణం తక్కువ. చివరి కొసను పట్టుకునే యాంటీబాడీకి వీటి మధ్య తేడా తెలియదు, అన్నీ ఒకేలా వెలుగుతాయి. మొదటి కొసను పట్టుకునేదైతే ఈ ముక్కలను అసలు చూడదు. ముఖం ఎర్రబారే రోసేషియా అనే చర్మవ్యాధిలో కాథెలిసిడిన్ పెరగడంతోపాటు కోత పడే తీరు కూడా మారిందని 2007లో రిచర్డ్ గాలో బృందం చూపగలిగింది. యాంటీబాడీతో ఆగిపోకుండా ముక్కల ద్రవ్యరాశిని వేరుగా కొలిచే పరికరాన్ని కూడా వాడటం వల్లే అది సాధ్యమైంది. అదే ఏడాది సోరియాసిస్‌లో ఎల్‌ఎల్-37 మనిషి సొంత డీఎన్‌ఏను చుట్టుకుని రోగనిరోధక కణాలను పొరపాటున రెచ్చగొడుతుందని మరో బృందం చూపింది. రక్షకుడిగా పేరుపొందిన పెప్టైడ్ ఒకచోట హాని చేస్తుంటే, అది ఏ రూపంలో ఉంది, దేన్ని అంటుకుని ఉంది అన్నవి ‘ఉందా లేదా’ అన్నదానికంటే ముఖ్యమైన ప్రశ్నలవుతాయి.

పూర్వరూపం, ముక్కల సమస్య పక్కన పెట్టినా, స్లైడ్ మీద జరిగే రసాయనిక వ్యవహారం మరొక అధ్యాయం. ఎల్‌ఎల్-37 గొలుసును దగ్గరగా చూస్తే అందులో 6 లైసిన్లు, 5 ఆర్జినిన్లు ఉన్నాయి, ఈ 11 ధనావేశం గలవి. ఋణావేశం గలవి 5. లెక్క తేలగా పెప్టైడ్ మీద నికరంగా +6 ఆవేశం మిగులుతుంది, ఋణావేశం గల బాక్టీరియా పొరకు అది అతుక్కోవడానికి కారణం ఇదే. ఇప్పుడు కణజాలాన్ని చెడిపోకుండా నిలపడానికి మామూలుగా వాడే 4 శాతం ఫార్మాల్డిహైడ్‌ను తీసుకుంటే, అది ప్రధానంగా దాడి చేసేది లైసిన్ల మీదే. లైసిన్లను పక్కనున్న ప్రోటీన్లకు కట్టేసి పెప్టైడ్ కొట్టుకుపోకుండా కాపాడుతుంది గాని, యాంటీబాడీ గుర్తుపట్టవలసిన భాగాన్ని, అంటే ఎపిటోప్‌ను, అదే దెబ్బతో కప్పేయవచ్చు. ఫార్మాల్డిహైడ్ మానేసి మిథనాల్ వాడితే ఎపిటోప్ బాగానే ఉంటుంది, కాని కేవలం 4.5 కిలోడాల్టన్ల బరువున్న ఈ చిన్న పెప్టైడ్ కడుగుతున్నప్పుడే జారిపోయే ప్రమాదం ఉంటుంది. యాంటీబాడీ బరువు 150 కిలోడాల్టన్లు, అంటే వెతికే వస్తువుకు వెతికే సాధనం ముప్పై రెట్లకు పైగా పెద్దది; గట్టిగా బిగిసిన కణజాలంలో అది అన్ని మూలలకూ చేరదు. అందువల్ల ఏ యాంటీబాడీకి ఏ నిల్వ పద్ధతి సరిపడుతుందో విడివిడిగా పరీక్షించి చూడడం తప్ప దగ్గరిదారి లేదు, ఒక పత్రంలో పనిచేసిన పద్ధతి మరో యాంటీబాడీతో పనిచేస్తుందన్న హామీ కూడా లేదు.

ధనావేశమే మరో రకంగానూ ఇబ్బంది పెడుతుంది. రక్తంలో అపోలైపోప్రోటీన్ ఎ-1 అనే కొవ్వు వాహక ప్రోటీన్ ఎల్‌ఎల్-37ను అంటుకుని దాన్ని నిర్వీర్యం చేస్తుంది. పగిలిన కణాల డీఎన్‌ఏ, కణాల వెలుపలి చక్కెర గొలుసులు కూడా దాన్ని పట్టి ఉంచుతాయి. చీము పట్టినచోట న్యూట్రోఫిల్స్ విసిరే డీఎన్‌ఏ వలల మీద ఎల్‌ఎల్-37 వెలుగు కనిపించినప్పుడు, అది అక్కడ పనిచేయడానికి చేరిందో, వేరేచోట విడుదలై వలకు చిక్కుకుందో చిత్రం చెప్పదు. వర్ణకం వైపు నుంచీ చిక్కు ఉంది: ఫ్లోరెసీన్ ఋణావేశం గలది కాబట్టి ధనావేశపు ప్రోటీన్లతో నిండిన ఇయోసినోఫిల్ అనే తెల్ల రక్తకణాల రేణువులకు అది యాంటీబాడీ ప్రమేయం లేకుండానే అతుక్కుంటుందని చాలాకాలంగా తెలుసు. ఆస్తమా రోగి కఫంలో న్యూట్రోఫిల్స్‌తోపాటు ఇయోసినోఫిల్స్ కూడా ఉంటాయి గనుక అక్కడ ఎఫ్‌ఐటీసీతో తీసిన ఆకుపచ్చ చిత్రాన్ని అనుమానంతోనే చూడాలి. ఊపిరితిత్తిలోని సాగుడు తంతువులూ, సూక్ష్మజీవులను మింగే కణాలైన మాక్రోఫేజ్‌లలో పేరుకునే వర్ణద్రవ్యాలూ ఆకుపచ్చ ప్రాంతంలోనే సొంతంగా మెరుస్తాయి, అంటే 1941లో కూన్స్‌ను నీలంలో ఇబ్బంది పెట్టిన సమస్య ఆకుపచ్చలో మరో వేషంలో తిరిగి వచ్చింది. పైగా ఫ్లోరెసీన్ ఆమ్ల వాతావరణంలో మసకబారుతుంది, కాంతికి త్వరగా వెలిసిపోతుంది. ఈ కారణాల వల్ల ఊపిరితిత్తుల పనికి దూరపు ఎరుపులో వెలిగే వర్ణకాలను, ఆకుపచ్చే కావాలంటే ఆమ్లానికి చెక్కుచెదరని అలెక్సా ఫ్లోర్ 488 వంటివాటిని ఎంచుకోవడం ఉచితం.

రంగు నేరుగా తగిలించిన యాంటీబాడీ మేలా, లేక రంగులేని మొదటి యాంటీబాడీ మీద రంగున్న రెండో యాంటీబాడీని వేయడం మేలా అన్నది పాత చర్చ. నేరుగా తగిలించినదానితో మెట్లు తగ్గుతాయి, ఒకే నమూనాలో నాలుగైదు లక్ష్యాలను వేర్వేరు రంగుల్లో చూడవచ్చు, ఫ్లో సైటోమెట్రీకి అది దాదాపు తప్పనిసరి. కాని రెండో యాంటీబాడీ ఇచ్చే వెలుగు పెంపు అందులో ఉండదు. మరో సంగతి తరచుగా మరుగున పడుతుంది: ఎఫ్‌ఐటీసీ అయినా మరొకటైనా సాధారణంగా యాంటీబాడీలోని లైసిన్లకే అతుక్కుంటుంది. ఒక్కో యాంటీబాడీకి సగటున మూడు నుంచి ఆరు వర్ణక అణువులు ఉంటే బాగుంటుంది. అంతకు మించితే అవి ఒకదాని వెలుగును మరొకటి అణచివేస్తాయి, పట్టుకొనే చోట లైసిన్ ఉంటే దాన్ని మూసేసి పట్టునే చెడగొడతాయి, అక్కరలేని చోట్ల జిగటగా అంటుకుంటాయి. రంగు లేనప్పుడు చక్కగా పనిచేసిన యాంటీబాడీ రంగు వేశాక కూడా అలాగే పనిచేస్తుందని అనుకోవడం పొరపాటు.

ఈ అనుమానాలకు జవాబు నియంత్రణ పరీక్షలు. న్యూట్రోఫిల్స్, మాక్రోఫేజ్‌ల ఉపరితలం మీద యాంటీబాడీల తోకను పట్టుకునే గ్రాహకాలు ఉంటాయి కాబట్టి, వాటిని ముందే అడ్డుకోవడమూ, లక్ష్యం లేని అదే తరగతి యాంటీబాడీకి అదే వర్ణకం తగిలించి పోల్చి చూడడమూ కనీస మర్యాద. యాంటీబాడీని ముందే కృత్రిమ ఎల్‌ఎల్-37తో కలిపి సంతృప్తపరిస్తే వెలుగు పోతుంది అన్న పరీక్షను చాలామంది పెద్ద రుజువుగా చూపుతారు. నిజానికి అది రుజువు చేసేది ఆ యాంటీబాడీ ఎల్‌ఎల్-37ను పట్టుకోగలదని మాత్రమే. కణజాలంలో అది పట్టుకున్నది ఎల్‌ఎల్-37నే అని కాదు. గట్టి పరీక్ష జన్యువు వైపు నుంచి రావాలి: కణంలో ఆ జన్యువు నోరు నొక్కినప్పుడు వెలుగు కూడా ఆరిపోవాలి. ప్రకృతి కూడా ఇలాంటి పరీక్ష ఒకటి ఇచ్చింది. కోస్ట్‌మన్ వ్యాధి అనే పుట్టుకతో వచ్చే న్యూట్రోఫిల్ లోపంలో, మందుతో న్యూట్రోఫిల్స్ సంఖ్య పెరిగినా వాటిలో ఎల్‌ఎల్-37 లేదనీ, ఆ రోగులకు చిగుళ్ళ వ్యాధి తీవ్రంగా ఉందనీ 2002లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. ఎల్‌ఎల్-37 యాంటీబాడీ వెలగకూడని మానవ న్యూట్రోఫిల్ ఎక్కడైనా ఉందంటే అది అక్కడే, కాకపోతే అటువంటి నమూనాలు దొరకడమే అరుదు.

క్షయ విషయంలో ఈ జాగ్రత్తలు ఎంత తేడా తెస్తాయో చూడవచ్చు. 2006లో ఫిలిప్ లియు, రాబర్ట్ మోడ్లిన్‌లతో కూడిన బృందం సైన్స్ పత్రికలో ప్రచురించిన పని ప్రకారం, మానవ మాక్రోఫేజ్ బాక్టీరియాను పసిగట్టినప్పుడు విటమిన్ డి గ్రాహకాన్నీ, విటమిన్ డిని చురుకైన రూపంలోకి మార్చే ఎంజైమ్‌నూ పెంచుతుంది, ఆ విటమిన్ కాథెలిసిడిన్ జన్యువును మేల్కొలుపుతుంది, దానితో లోపలి క్షయ బాక్టీరియా తగ్గుతుంది. రక్తంలో విటమిన్ డి తక్కువగా ఉన్న నల్లజాతి అమెరికన్ల రక్తరసంలో ఉంచిన కణాల్లో ఈ మేల్కొలుపు బలహీనంగా ఉందనీ, విటమిన్ కలిపితే సర్దుకుందనీ కూడా ఆ పని చూపింది. బాక్టీరియా ఉన్న కణాంతర సంచుల దగ్గర కాథెలిసిడిన్ వెలుగు చూపిన చిత్రాలు ఎంత ఆకట్టుకున్నా, వాదాన్ని నిలబెట్టింది మాత్రం మరుసటి ఏడాది అదే వర్గం చేసిన ప్రయోగం: కాథెలిసిడిన్ జన్యువును అణచివేసినప్పుడు విటమిన్ డి ఇచ్చినా బాక్టీరియా చావలేదు. మామూలు కన్‌ఫోకల్ సూక్ష్మదర్శిని దాదాపు 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు బిందువులను వేరుచేయలేదు. ఎల్‌ఎల్-37 కుండలి పొడవు 5 నానోమీటర్ల ప్రాంతం. రెండు రంగులు ఒకదానిమీద ఒకటి కనిపించినంత మాత్రాన పెప్టైడ్ బాక్టీరియా పొరను తాకిందని అనుకోవడానికి వీల్లేదు.

ఈ పనిని మామూలు ఎలుకల్లో తిరగచేయడం కూడా సాధ్యం కాదు. కాథెలిసిడిన్ జన్యువు ముందు విటమిన్ డి గ్రాహకం కూర్చునే చోటు మనిషి, ఇతర ప్రైమేట్లలో ఉంది గాని ఎలుకలో లేదని 2005లో ఏడ్రియన్ గోంబర్ట్ బృందం గుర్తించింది. ఎలుక సొంత కాథెలిసిడిన్ క్రాంప్ కూడా ఎల్‌ఎల్-37కు దూరపు చుట్టమే. అందువల్ల ఈ ప్రశ్న మనుషుల కణాల దగ్గరే, మనుషుల నమూనాల దగ్గరే తేలాలి, యాంటీబాడీ నాణ్యత మీద భారమంతా పడటానికి ఇదీ ఒక కారణం.

మనుషుల్లో ఫలితాలు అంత సూటిగా లేవు. పశ్చిమ లండన్‌లోని గుజరాతీల్లో విటమిన్ డి లోపానికీ క్షయకూ సంబంధం ఉందని 2000లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనం ప్రవాస భారతీయుల విషయంలో ఈ చర్చకు బీజం వేసింది. లోపానికి వలస, చలి దేశం, ఆఫీసు గదులే కారణమని అనుకోవడం మామూలే గాని, తిరుపతిలోని స్విమ్స్ వైద్య సంస్థకు చెందిన సి.వి. హరినారాయణ్, సహచరులు 2007లో ప్రచురించిన పనిలో ఎండకు కొదవలేని రాయలసీమ పరిసరాల్లోని ఆరోగ్యవంతుల్లోనే ఆ లోపం విస్తృతంగా కనిపించింది. టూంగాబీకి చేరే తెలుగువారిలో కొందరు దాన్ని వెంటబెట్టుకునే వస్తారని దీన్నిబట్టి అనుకోవచ్చు. ఆస్ట్రేలియాలో 2014 నవంబరు నుంచి మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా ఖర్చుతో విటమిన్ డి పరీక్ష అందరికీ చేయరు. చేయదగిన కారణాల జాబితాలో ముదురు రంగు చర్మం ఒకటి. ఆ దేశంలో క్షయ కేసులు మొత్తంమీద తక్కువ, వాటిలో అత్యధికం విదేశాల్లో పుట్టినవారివి. ఇంతవరకు కథ కుదిరినట్టే ఉంటుంది. కాని లండన్‌లో 146 మంది క్షయ రోగుల్లో ప్రామాణిక చికిత్సతోపాటు కొందరికి పెద్ద మోతాదులో విటమిన్ డి, మిగతావారికి ఉత్తుత్తి మందు ఇచ్చి పోల్చి 2011లో ఫలితం ప్రకటించినప్పుడు, కఫం శుభ్రపడే వ్యవధి మధ్యస్థంగా 43.5 రోజుల నుంచి 36 రోజులకు తగ్గినా ఆ తేడా గణాంకపరంగా నిలవలేదు, ఒక జన్యురకం ఉన్నవారిలో మాత్రమే లాభం స్పష్టపడింది. మంగోలియాలో 8,851 మంది పిల్లలపై, మూడేళ్ళపాటు వారం వారం కొందరికి విటమిన్ డి, మిగతావారికి ఉత్తుత్తి మందు ఇచ్చి చేసిన 2020 నాటి పరీక్షలో క్షయ సోకడం తగ్గనేలేదు. రక్తంలో విటమిన్ పెరగడం, మాక్రోఫేజ్‌లో జన్యువు మేల్కొనడం, పూర్వరూపం తయారవడం, అది తెగడం, తెగినది బాక్టీరియాను చేరడం అన్నవి వేర్వేరు మెట్లు. మొదటి మెట్టు మీద చేసిన పరీక్ష చివరి మెట్టు గురించి చెప్పలేదు. మధ్య మెట్లను చూపగల సాధనం ఏమిటంటే మళ్ళీ ఫ్లోరోసెంట్ యాంటీబాడీయే, అదీ పూర్వరూపాన్నీ తెగిన పెప్టైడ్‌నూ వేరుచేసి చూపగలిగితేనే.

హైదరాబాద్‌లో ఈ రంగంలో జరిగిన పని ప్రస్తావించదగినది. సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధనా కేంద్రంలో ఆర్. నాగరాజ్ బృందం మానవ బీటా డిఫెన్సిన్ల చివరి భాగాలను అనుకరించే పెప్టైడ్లను తయారుచేసి శిలీంధ్రాల మీద వాటి ప్రభావాన్ని 2009లో ప్రచురించింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో సురేశ్ యెనుగు బృందం పురుష ప్రజనన వ్యవస్థలోని డిఫెన్సిన్లపై పనిచేసింది. అదే వ్యవస్థలో కాథెలిసిడిన్ కథ విచిత్రంగా ఉంటుంది: వీర్యంలోని పూర్వరూపాన్ని గాస్ట్రిక్సిన్ అనే ఎంజైమ్ యోని ఆమ్లతలోకి చేరాక కోస్తుంది, పుట్టేది ఒక ఎమైనో ఆమ్లం అదనంగా ఉన్న ఏఎల్‌ఎల్-38. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి పరిశోధకులు 2019లో న్యుమోకాకస్ వల్ల వచ్చే కార్నియా పుండులో సూక్ష్మజీవనాశక పెప్టైడ్లు వేర్వేరు తీరుల్లో పెరుగుతాయనీ, కార్నియా పైపొర కణాల్లో ఎల్‌ఎల్-37 తయారీకి స్టాట్-3 అనే సంకేత ప్రోటీన్ అవసరమనీ చూపారు. పొలం పనిలో గడ్డిపోచో వడ్లగింజో కంటికి తగిలి పుండు పడటం మామూలైన ప్రాంతంలో ఈ ప్రశ్నకు చికిత్సాపరమైన విలువ ఉంది. కూన్స్ మొట్టమొదట రంగు వేసిన యాంటీబాడీ వెతికిందీ న్యుమోకాకస్‌నే కావడం కాకతాళీయం.

యాంటీబాడీల నమ్మకం గురించిన ఆందోళన ఎల్‌ఎల్-37కే పరిమితం కాదు. 2015లో ఆండ్రూ బ్రాడ్‌బరీ, ఆండ్రియాస్ ప్లుక్తున్‌లు మరో 110 మంది శాస్త్రవేత్తలతో కలిసి, పరిశోధనలో వాడే యాంటీబాడీలను వాటి జన్యుక్రమం తెలిసిన పునస్సంయోజక రూపంలోనే తయారుచేయాలని నేచర్‌లో కోరారు. పాలీక్లోనల్ సీసా అయిపోయాక అదే పేరుతో వచ్చే తర్వాతి సీసా వేరే జంతువు రక్తం నుంచి రావడం వారి అభ్యంతరాల్లో ఒకటి. 2016లో ఒక అంతర్జాతీయ బృందం యాంటీబాడీలను పరీక్షించడానికి ఐదు మార్గాలు సూచించింది. 2023లో కెనడా కేంద్రంగా పనిచేసే వైకారోస్ బృందం 65 ప్రోటీన్ల కోసం మార్కెట్లో ఉన్న 614 యాంటీబాడీలను జన్యువు తీసేసిన కణాలతో పోల్చి పరీక్షించింది. అనేకం విఫలమయ్యాయి, పునస్సంయోజక యాంటీబాడీలు మిగతావాటికంటే మెరుగ్గా నిలిచాయి. ఎల్‌ఎల్-37 వంటి చిన్న, జిగట, ధనావేశపు పెప్టైడ్ల మీద ఇంత పెద్ద ఎత్తున ఇలాంటి తులనాత్మక పరీక్ష జరగవలసిన అవసరం పెద్ద ప్రోటీన్ల కంటే ఎక్కువగానే ఉంది. సీసా మీద సంస్థ పేరు, వరస సంఖ్య రాసి ఊరుకునే పత్రాల కంటే, యాంటీబాడీ ఏ భాగానికి వ్యతిరేకంగా తయారైందో, ఏ రకం కోతను చూడగలదో, ఏ నిల్వ పద్ధతిలో పరీక్షించారో రాసే పత్రాలను ఎక్కువగా నమ్మడం న్యాయం.

పూర్వరూపాన్నీ తెగిన పెప్టైడ్‌నూ వేరుచేయడానికి సాధ్యమైన దారులు రెండు. మొదటిది కోత పడ్డాక మాత్రమే బయటపడే కొత్త కొసను, అంటే స్వేచ్ఛగా ఉన్న రెండు లూసిన్ల చివరను మాత్రమే పట్టుకునే యాంటీబాడీ. పూర్వరూపంలో ఆ కొస గొలుసు మధ్యలో దాగి ఉంటుంది కాబట్టి అక్కడ అది వెలగదు. ఏఎల్‌ఎల్-38 వంటి ఒక్క ఎమైనో ఆమ్లపు తేడా కూడా దాన్ని తప్పించుకుంటుంది, ఇది గుణమా లోపమా అన్నది అడిగే ప్రశ్నను బట్టి ఉంటుంది. రెండోది కాథెలిన్ భాగానికి ఒక రంగు, ఎల్‌ఎల్-37 భాగానికి మరో రంగు వేసి రెండూ కలిసి ఉన్నచోటును పూర్వరూపంగా లెక్కించడం. కాని కోత పడ్డాక కూడా రెండు ముక్కలు ఒకే కణాంతర సంచిలో ఉండిపోతే 200 నానోమీటర్ల పరిమితి గల సూక్ష్మదర్శినికి అవి కలిసే కనిపిస్తాయి. ఈ పద్ధతికి సామీప్య బంధన పరీక్షను జోడించవచ్చు: ఇందులో రెండు యాంటీబాడీలకు చిన్న డీఎన్‌ఏ పోగులు కడతారు, అవి దాదాపు 40 నానోమీటర్లలోపు దగ్గరైనప్పుడే పోగులు ముడిపడి చుక్క వెలుగుతుంది. ఒకే మాక్రోఫేజ్‌లో ఆ చుక్కల సంఖ్య తగ్గుతూ ఎల్‌ఎల్-37 మొత్తం వెలుగు తగ్గకుండా నిలిస్తే కోత జరుగుతున్నట్టు అనుకోవచ్చు, అదే నమూనాలో మిగిలిన కణాలను ద్రవ్యరాశి వర్ణపటమాపకంలో పెట్టి 4,493 డాల్టన్ల దగ్గర శిఖరం వచ్చిందో లేదో చూసి ఆ అనుమానాన్ని సరిచూసుకోవచ్చు.